గరికపాటి రాజారావు

గరికపాటి రాజారావు (ఫిబ్రవరి 5, 1915 - సెప్టెంబరు 8, 1963) తెలుగు నాటకరంగ ప్రముఖుడు, నటుడు, దర్శకుడు. ఆంధ్ర ప్రజానాట్యమండలి స్థాపకులలో ముఖ్యుడు. వృత్తిరీత్యా వైద్యుడు కావడం వలన డాక్టర్ రాజారావుగా ప్రసిద్ధి పొందాడు. 1940వ దశకంలో విజయవాడ కేంద్రంగా పనిచేస్తూ, అప్పటివరకు పురాణ కథలకు, పద్యనాటకాలకు ప్రధాన స్థానమున్న తెలుగు రంగస్థలం మీదికి కౌలుదారును, జమీన్ రైతును, వెట్టిచాకిరి చేసే మనిషిని కథానాయకులుగా తీసుకువచ్చాడు. ఆయన దర్శకత్వంలో ప్రదర్శితమైన ముందడుగు, మాభూమి నాటకాలు ప్రభుత్వ నిషేధానికి గురయ్యాయి. భూమి మీద రైతు హక్కు కోసం మొదలైన ఈ నాటకోద్యమం, ఆ నిషేధాల వలన, మాట్లాడే హక్కుకు సంబంధించిన సమస్యగా కూడా మారింది. చలనచిత్ర రంగంలో ఆయన పుట్టిల్లు (1953) చిత్ర దర్శకుడిగా, నటి జమునను తెరకు పరిచయం చేసిన వ్యక్తిగా గుర్తింపు పొందాడు.

జననం, విద్య

రాజారావు 1915 ఫిబ్రవరి 5న రాజమండ్రిలో జన్మించాడు. మద్రాసులో దేశీయ వైద్య విద్య అభ్యసించి ఎల్.ఐ.ఎం. పట్టా పొందాడు. తరువాత వైద్యవృత్తిని చేపట్టినప్పటికీ, చిన్ననాటి నుండి ఉన్న నాటకాభిమానం ఆయనను రంగస్థలం వైపే నడిపించింది.

ఆయన పుట్టిన ఊరికి నాటకాన్ని సంఘసంస్కరణకు వినియోగించిన చరిత్ర ఉన్నది. కందుకూరి వీరేశలింగం 1880లో తన విద్యార్థుల చేత వ్యవహార ధర్మబోధిని నాటకాన్ని రాజమండ్రిలో ప్రదర్శింపజేశాడు. న్యాయవాదుల అక్రమాలను ఎత్తిచూపిన ఆ నాటకం, ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు నాందిగా పరిగణింపబడుతున్నది. వీరేశలింగం ప్రహసనాలు, ఆ తరువాత గురజాడ అప్పారావు కన్యాశుల్కం, నాటకం ద్వారా సమాజాన్ని ప్రశ్నించే మార్గాన్ని ఏర్పరచాయి. సహాయనిరాకరణోద్యమ కాలంలో గుంటూరు ప్రాంతానికి చెందిన దామరాజు పుండరీకాక్షుడు జాతీయోద్యమాన్ని వస్తువుగా తీసుకొని నాటకాలు రచించి ప్రభుత్వ ఆగ్రహానికి గురయ్యాడు. రాజారావు కృషిని ఈ పరంపరలో భాగంగానే చూడవలసి ఉంటుంది.

అప్పటి తెలుగు రంగస్థలం

రాజారావు రంగస్థలానికి వచ్చేనాటికి ఆంధ్రదేశంలో పద్యనాటకం ప్రాబల్యంలో ఉన్నది. ప్రేక్షకులు ప్రసిద్ధ నటుల రాగాలాపన కోసమే టిక్కెట్టు కొని నాటకానికి వచ్చేవారు. ఒకే పద్యాన్ని మళ్ళీ మళ్ళీ పాడించుకోవడం సాధారణంగా ఉండేది. సురభి వంటి కుటుంబ సమాజాలను మినహాయిస్తే, స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. నాటకశాలలు పట్టణాలలో ఉండేవి. పల్లెలోని పాలేరుకు, కూలీకి వీధి భాగవతం, తోలుబొమ్మలాట, జంగంకథ వంటివే అందుబాటులో ఉండేవి.

ఈ పద్ధతిని బళ్ళారి రాఘవ (1880-1946) తీవ్రంగా వ్యతిరేకించాడు. సహజమైన నటన, వాడుక భాషకు దగ్గరైన సంభాషణ ఉండాలని, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని ఆయన ప్రచారం చేశాడు. రాఘవ ప్రతిపాదించిన ఈ సంస్కరణలను రాజారావు పట్టణ రంగస్థలానికి పరిమితం చేయక, పల్లెటూరి బహిరంగ వేదిక మీదికి తీసుకువెళ్ళాడు.

ప్రజానాట్యమండలి

1943 మేలో బొంబాయిలో అఖిల భారత ప్రజానాట్య సంఘం (ఇప్టా) ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధం, బెంగాలు కరువు దేశాన్ని కుదిపివేస్తున్న సమయమది. 1942లో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం తొలగిపోవడంతో ఆంధ్రలో రైతు, కూలీ, యువజన, మహిళా సంఘాలు బహిరంగంగా పనిచేయసాగాయి. ఈ వాతావరణంలో 1943లో ఆంధ్ర ప్రజానాట్యమండలి రూపుదిద్దుకొన్నది. దీని నిర్మాణంలో, కళాకారుల శిక్షణలో రాజారావు ప్రధాన పాత్ర వహించాడు.

మండలి కేవలం నాటకాలకే పరిమితం కాలేదు. జానపదులకు పరిచయమైన కోలాటం, చెక్కభజన, గొల్లసుద్దులు, పగటివేషాలు, వీధి భాగవతం మొదలైన రూపాలను సేకరించి, వాటిలో కొత్త వస్తువును చేర్చింది. వీటిలో అన్నిటికంటే ఎక్కువ ఆదరణ పొందినది బుర్రకథ. జంగంకథ, తందానకథ అని పిలువబడే పాత కళారూపాన్ని మండలి కళాకారులు పునరుద్ధరించారు. ఇందులో మధ్యనున్న కథకుడు తంబుర మీటుతూ కథ చెబుతాడు. ఇరుపక్కల గుమ్మెటలు వాయించే వంతలలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతారు. పాత వీరగాథను చెబుతూనే నాటి ధరలను, పన్నులను, అధికారుల ప్రవర్తనను వ్యాఖ్యానించడానికి ఈ రాజకీయపు వంత చక్కగా ఉపయోగపడింది. షేక్ నాజర్, కాకుమాను సుబ్బారావు, వేములపల్లి రామకోటయ్యల దళం ఈ ప్రక్రియకు విశేష ప్రాచుర్యం కలిగించింది. సుంకర సత్యనారాయణ రచించిన కష్టజీవి, అల్లూరి సీతారామరాజు బుర్రకథలు ఊరూరా ప్రదర్శితమయ్యాయి. 1944 మార్చిలో విజయవాడలో జరిగిన అఖిల భారత కిసాన్ సభ మహాసభకు పెద్దయెత్తున రైతాంగం తరలివచ్చింది. ఆంధ్ర జానపద కళారూపాలకు అది ఒక గొప్ప వేదికగా నిలిచింది.

మహిళల భాగస్వామ్యం

మధ్యతరగతి కుటుంబాల స్త్రీలు వేదిక ఎక్కడాన్ని సమాజం తప్పుగా చూసే రోజులలో, ప్రజానాట్యమండలి కార్యకర్తల కుటుంబాలలోని స్త్రీలు నాటకాలలోను, బుర్రకథలలోను పాల్గొన్నారు. మోటూరి ఉదయం, చింతల కోటేశ్వరమ్మ, మహంకాళి లక్ష్మిలతో కూడిన మహిళా బుర్రకథ దళం విశేషంగా పేరు పొందింది. పామర్రుకు చెందిన కొండపల్లి కోటేశ్వరమ్మ, బాల్యంలోనే వితంతువై తరువాత పునర్వివాహం చేసుకొన్న స్త్రీ. ఆమె మండలి పాటలు పాడి, ప్రదర్శనలలో పాల్గొన్నది. ఆ జ్ఞాపకాలు ఆమె ఆత్మకథ నిర్జన వారధిలో ఉన్నాయి.

స్త్రీ హక్కుల గురించి వేదిక మీద చెప్పడం ఒక ఎత్తు కాగా, స్త్రీ స్వయంగా వేలమంది ఎదుట నిలబడి కథ చెప్పడం మరొక ఎత్తు. అది తన సొంత పేరుతో, సొంత గొంతుతో బహిరంగ జీవితంలో చోటు పొందడం. ఈ విషయంలో మండలి ప్రదర్శన దాని రచనల కంటే కూడా ఒక అడుగు ముందు ఉన్నదని చెప్పవచ్చు.

చల్లపల్లి ఎస్టేటు, జమీన్ రైతుల సమస్య

మండలి తొలి ప్రసిద్ధ నాటకమైన ముందడుగును అర్థం చేసుకోవాలంటే కృష్ణా డెల్టాలోని భూమి పరిస్థితిని తెలుసుకోవడం అవసరం. దివిసీమ ముఖద్వారంలో ఉన్న చల్లపల్లి, దేవరకోట జమీందారీకి కేంద్రం. కృష్ణా కాలువల కింద మాగాణి విస్తరించిన కొద్దీ భూమి విలువ పెరిగింది. జమీందారీ గ్రామాలలో శిస్తు, లంక భూములు, బంజర్లు, కమతపు భూములు వివాదాస్పదమయ్యాయి. 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ భూమి చట్టం రైతుకు సాగు హక్కును గుర్తించినప్పటికీ, ఏది రైతు భూమి, ఏది జమీందారు సొంత కమతం అనే తగాదాలు కచేరీల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగేవి. కాగితం, సాక్ష్యం, వకీలు అన్నీ బలవంతుడికే అందుబాటులో ఉండేవి. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన 1937లో నియమితమైన విచారణ సంఘం 1938లో సమర్పించిన నివేదిక, భూమికి రైతే హక్కుదారు అని అభిప్రాయపడింది. కాని ఆ నివేదిక వెంటనే చట్టం కాలేదు.

చల్లపల్లి ఎస్టేటులో 1930వ, 1940వ దశకాలలో రైతు ఉద్యమం సాగింది. కమ్యూనిస్టు నాయకుడు చండ్ర రాజేశ్వరరావు జన్మస్థలమైన మంగళాపురం చల్లపల్లికి సమీపంలోనే ఉన్నది. మరొక విశేషమేమంటే, హరిజన సమస్యపై మాలపిల్ల (1938), జమీందారీ వ్యవస్థపై రైతుబిడ్డ (1939) చిత్రాలను గూడవల్లి రామబ్రహ్మం నిర్మించిన సారథి ఫిలిమ్స్ సంస్థకు వెన్నుదన్నుగా నిలిచినది చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. రైతుబిడ్డ చిత్రాన్ని ఇతర జమీందారులు వ్యతిరేకించారు. కొన్ని చోట్ల అది నిషేధింపబడింది. ఒకే ఎస్టేటు పేరు ఇటు సంస్కరణ చిత్రాలతోను, అటు రైతు పోరాటాలతోను ముడిపడి ఉండడం ఆ కాలపు సంక్లిష్టతను తెలియజేస్తుంది.

ముందడుగు

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు జంటగా రచించిన ముందడుగు నాటకం 1940వ దశకం మధ్యలో వెలువడింది. సుంకర విజయవాడ సమీపంలోని ఈడుపుగల్లు వాస్తవ్యుడు. జమీందారుకు, రైతులకు మధ్య ఘర్షణ ఈ నాటక వస్తువు. రాజారావు దీనికి దర్శకత్వం వహించాడు.

ముందడుగు ప్రదర్శనలో రాజారావు అనుసరించిన పద్ధతి పద్యనాటకానికి పూర్తిగా భిన్నమైనది. ఒక్క నాయకపాత్ర మీద నాటకమంతా ఆధారపడదు. ఊరి జనమే సమష్టిగా నాయకస్థానంలో ఉంటారు. పద్యాలకు బదులు కృష్ణా, గుంటూరు జిల్లాల పలుకుబడితో కూడిన వచనం ఉంటుంది. ఖరీదైన తెరలు, కిరీటాలు అక్కరలేదు. రంగాలంకరణ తేలికగా ఒక ఊరి నుండి మరొక ఊరికి తరలించగలిగినదై ఉండాలి. నటీనటులలో చాలామంది రైతు కుటుంబాల నుండి వచ్చిన కార్యకర్తలు కావడం వలన వారి మాట, నడక, కట్టు సహజంగా ఉండేవి. ఎస్టేటు గ్రామాల రైతు, కోర్టులో తాను చెప్పుకోలేకపోయిన మాటను, వేదిక మీద తనవంటి మనిషి తన భాషలోనే చెప్పగా విన్నాడు. ఈ నాటకం యొక్క శక్తి అందులోనే ఉన్నది. మద్రాసు ప్రభుత్వం దీనిని నిషేధించింది.

మాభూమి

1947లో సుంకర, వాసిరెడ్డి జంట మాభూమి నాటకాన్ని రచించారు. దీని ఇతివృత్తం నిజాం పాలనలోని తెలంగాణ రైతాంగ పోరాటం. విసునూరు దేశ్‌ముఖ్ వర్గంతో భూమి విషయమై న్యాయస్థానంలో పోరాడి, చివరకు హత్యకు గురైన షేక్ బందగీ అనే పేద ముస్లిం రైతు ఉదంతం ఈ నాటకానికి ప్రేరణగా చెప్పబడుతుంది. హిందూ ముస్లిం రైతులు కలిసి పోరాడడాన్ని చూపిన ఈ నాటకం, దేశ విభజన కల్లోలాలు జరుగుతున్న సంవత్సరంలోనే వెలువడడం గమనార్హం.

తెలంగాణలో జరుగుతున్న విషయాలను కోస్తా జిల్లాల ప్రజలకు తెలియజేయడంలో మాభూమి వార్తాపత్రిక కంటే ఎక్కువ పనిచేసింది. అక్షరాస్యత చాలా తక్కువగా ఉన్న కాలంలో వెట్టి, నాగు, అక్రమ బేదఖలు వంటి మాటల అర్థాన్ని ప్రేక్షకులు కళ్ళారా చూశారు. రాజారావు దర్శకత్వం వహించిన ప్రదర్శన మాదిరిగా తీసుకొని అనేక దళాలు ఏర్పడి, ఏకకాలంలో వేరువేరు జిల్లాలలో ఈ నాటకాన్ని ప్రదర్శించాయి. గడ్డివాములు, పంటకళ్ళాలు, సంతబయళ్ళు నాటకశాలలయ్యాయి. దుగ్గిరాలకు చెందిన బాలిక జమున మాభూమి నాటకంలో నటించగా చూసి, తరువాత రాజారావు ఆమెను తన చిత్రానికి ఎంపిక చేశాడు.

మాభూమిని కూడా మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఇదే పేరుతో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో విడుదలైన చలనచిత్రానికి మూలం కిషన్ చందర్ రచించిన ఉర్దూ నవల. దానిని ఈ నాటకంతో పొరబడరాదు.

నిషేధాలు, నిర్బంధం

నాటకాల నిషేధానికి బ్రిటిషు ప్రభుత్వం 1876లో నాటక ప్రదర్శనల చట్టాన్ని చేసింది. నీలిమందు తోటల రైతుల బాధలను చూపిన నీల్ దర్పణ్ వంటి బెంగాలీ నాటకాలు కలిగించిన అలజడి ఈ చట్టానికి నేపథ్యం. రాజద్రోహకరమైనదని, పరువునష్టం కలిగించేదని, నీతిబాహ్యమైనదని ప్రభుత్వం భావించిన ఏ ప్రదర్శననైనా ఈ చట్టం కింద ఆపవచ్చు. నిషేధాన్ని ఉల్లంఘించిన వారికి మూడు నెలల వరకు జైలుశిక్ష విధించవచ్చు. నిషేధానికి ముందు నాటక సమాజం వాదన వినాలనే నియమం ఇందులో లేదు. స్వాతంత్ర్యానంతరం కూడా ఈ చట్టం కొనసాగింది.

1948 నుండి మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టులపై తీవ్ర నిర్బంధం మొదలైంది. 1949లో పార్టీ నిషేధింపబడింది. అదే సంవత్సరం కృష్ణా జిల్లాలోని కాటూరు, యలమర్రు గ్రామాలలో పోలీసులు గ్రామస్థులను వివస్త్రలను చేసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పిన ఘటన రాష్ట్రమంతటా సంచలనం కలిగించింది. ప్రజానాట్యమండలి కళాకారులు కొందరు జైళ్ళకు వెళ్ళారు. కొందరు అజ్ఞాతవాసం గడిపారు. మరికొందరు మద్రాసు చేరి చలనచిత్ర పరిశ్రమలో ఉపాధి వెతుక్కొన్నారు. దళాలు చెదిరిపోయాయి. ఏ జమీందారీ విధానాన్ని ముందడుగు విమర్శించిందో, ఆ విధానాన్ని రద్దు చేస్తూ మద్రాసు శాసనసభ 1948లో చట్టం చేసింది. అంటే నాటకం కోరిన దానిని ప్రభుత్వమే చట్టంగా ఆమోదించింది. కాని దానిని కోరిన సమాజానికి వేదిక ఎక్కే స్వేచ్ఛ మాత్రం లేకపోయింది.

ఇతర ప్రాంతాలలో ఇటువంటి నిషేధాలను కళాకారులు న్యాయస్థానాలలో ఎదుర్కొన్నారు. కేరళలో 1952లో ప్రదర్శితమైన తోప్పిల్ భాసి నాటకం నింగళెన్నె కమ్యూనిస్టాక్కిపై విధించిన నిషేధం కోర్టు తీర్పుతో తొలగిపోయింది. లక్నో ఇప్టా 1953లో ప్రదర్శించిన ఈద్‌గా నాటకం కేసులో అలహాబాదు హైకోర్టు 1956లో తీర్పునిస్తూ, 1876 నాటి చట్టంలోని నిషేధపు నిబంధనలు రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని ప్రకటించింది. అయినప్పటికీ ఆ చట్టం పుస్తకాలలో ఉండిపోయి, 2017 నాటి రద్దు, సవరణ (రెండవ) చట్టం ద్వారా 2018లో తొలగింపబడింది.

చలనచిత్ర రంగం

నిర్బంధ కాలం తరువాత రాజారావు చలనచిత్ర రంగంలో ప్రవేశించాడు. ఆయన దర్శకత్వం వహించిన పుట్టిల్లు 1953లో విడుదలైంది. ప్రజానాట్యమండలి మిత్రులు పలువురు ఈ చిత్రంలో పాల్గొన్నారు. కథానాయికగా జమునకు, హాస్యనటుడిగా అల్లు రామలింగయ్యకు ఇదే తొలి చిత్రం. చిత్రం ఆర్థికంగా విజయం సాధించలేదు. అయితే దీని ద్వారా పరిచయమైన నటీనటులు దశాబ్దాల పాటు తెలుగు తెరను అలరించారు.

చివరి రోజులు

చలనచిత్రంలో ఎదురైన అపజయం తరువాత కూడా రాజారావు నాటకాన్ని విడిచిపెట్టలేదు. అప్పటికి మునుపటి మండలి బలం లేదు. 1950వ దశకంలో నాటక పరిషత్తుల పోటీలు పెరిగి, పల్లెల్లోని బహిరంగ ప్రదర్శనల స్థానాన్ని కొంతవరకు అవి ఆక్రమించాయి. రాజారావు 1963 సెప్టెంబరు 8న, 48 సంవత్సరాల వయస్సులో మరణించాడు.

ప్రభావం

రాజారావుతో కలిసి, లేదా ప్రజానాట్యమండలిలో పనిచేసిన వారిలో నటులు మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి, అల్లు రామలింగయ్య, దర్శకులు తాతినేని ప్రకాశరావు, వి.మధుసూదనరావు, కె.బి.తిలక్ తదితరులు చలనచిత్ర రంగంలో ప్రసిద్ధులయ్యారు. 1950వ, 1960వ దశకాల తెలుగు సాంఘిక చిత్రాలలో కనిపించే రైతు కుటుంబ వాతావరణానికి, సహజమైన సంభాషణకు ఈ రంగస్థల అనుభవం కొంతవరకు కారణం. తరువాతి కాలంలో ప్రజానాట్యమండలి పునరుద్ధరింపబడింది. 1970వ దశకంలో వచ్చిన జననాట్యమండలి కూడా జానపద రూపాలలో రాజకీయ వస్తువును చెప్పే పద్ధతినే మరొక దారిలో కొనసాగించింది.

ఇటువంటి కృషి ఇతర దేశాలలోనూ జరిగింది. రాజారావు మరణించిన 1963లోనే అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో నల్లజాతి యువకులు ఫ్రీ సదరన్ థియేటర్‌ను స్థాపించి పౌరహక్కుల ఉద్యమానికి తోడుగా పల్లెలలో నాటకాలు ప్రదర్శించారు. 1965లో కాలిఫోర్నియాలో లూయీ వాల్డెజ్ స్థాపించిన ఎల్ తియాత్రో కాంపెసినో, సమ్మె చేస్తున్న వ్యవసాయ కూలీల చేతనే వేషాలు వేయించింది. వీటికి దాదాపు ఇరవై యేళ్ళ ముందే కృష్ణా డెల్టాలో అటువంటి ప్రయోగం జరిగింది.

విమర్శ

మండలి నాటకాలలో పార్టీ ప్రచారం పాలు ఎక్కువని, పాత్రలు మంచి, చెడు అనే రెండు వర్గాలుగా విడిపోయి ఉంటాయని కొందరు విమర్శించారు. మరొక ప్రశ్న కూడా ఉన్నది. జమీందారుకు ఎదురు నిలిచిన రైతుకు ఈ నాటకాలు నాయకస్థానం ఇచ్చాయి. ఆ రైతు పొలంలోనే పనిచేసే దళిత పాలేరు సమస్య అంత స్థాయిలో కేంద్రంలోకి రాలేదు. బోయి భీమన్న పాలేరు నాటకం ఆ కోణాన్ని విడిగా చూపవలసి వచ్చింది. జమీందారీ రద్దు చట్టం కూడా సాగుహక్కు ఉన్న రైతుకు మేలు చేసింది కాని, భూమి లేని కూలీకి భూమి ఇవ్వలేదు. 1970 ప్రాంతంలో చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం పేదలు మళ్ళీ పోరాడవలసి రావడం ఈ లోటును సూచిస్తుంది.

ఈ పరిమితులు ఉన్నప్పటికీ, తెలుగు నాట పౌరహక్కుల చరిత్రలో రాజారావు స్థానం ముఖ్యమైనది. అర్జీ రాయలేని, వకీలును పెట్టుకోలేని మనిషి మాటను ఆయన వేలమంది వినేలా చేశాడు. ఆ మాట విన్న వారే తమ ఊళ్ళలో దానిని తిరిగి ప్రదర్శించగలిగేలా దళాలను తీర్చిదిద్దాడు.

ఇవి కూడా చూడండి

ప్రజానాట్యమండలి
సుంకర సత్యనారాయణ
వాసిరెడ్డి భాస్కరరావు
షేక్ నాజర్
బళ్ళారి రాఘవ
చల్లపల్లి